ముక్క ముక్కగా కట్టిన పాటలు: డెఫ్ లెపర్డ్ హిట్ల వెనక ఉన్న పని

రాక్ ఆల్బమ్ సాధారణంగా విడుదలైన మొదటి వారాల్లోనే చార్టులో పైకి వెళ్తుంది, తర్వాత మెల్లగా దిగిపోతుంది. డెఫ్ లెపర్డ్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ ‘హిస్టీరియా’ ఆల్బమ్ 1987 ఆగస్టు 3న వచ్చింది. అమెరికాలో బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టు మొదటి స్థానానికి అది చేరింది 1988 జూలైలో. అంటే దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో చాలా భాగం, పెట్టిన డబ్బు వెనక్కి వస్తుందో రాదో అన్న టెన్షన్‌లోనే గడిచింది. చివరికి ఒక్క అమెరికాలోనే కోటీ ఇరవై లక్షల కాపీలకు సర్టిఫికేషన్ వచ్చింది. ఒకే ఆల్బమ్ నుంచి ఏడు సింగిల్స్ (విడిగా విడుదల చేసే పాటలు) విడుదలైతే, వాటిలో ఆరు అమెరికా టాప్ 20లోకి వెళ్లాయి.

1980ల గ్లామ్ మెటల్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా జుట్టు గురించి, మేకప్ గురించి, తాగుడు గురించి మాట్లాడతారు. పాట ఎలా తయారైందన్నది పెద్దగా ఎవరూ పట్టించుకోరు. డెఫ్ లెపర్డ్ విషయంలో అసలు సంగతి అదేనని నా నమ్మకం. చాలా బ్యాండ్లు స్టేజీ మీద వాయించి వాయించి పదును పెట్టిన పాటను స్టూడియోకి తీసుకెళ్తాయి. వీళ్లు పాటను స్టూడియోలో ముక్క ముక్కగా కట్టి, ఆ తర్వాత దాన్ని స్టేజీ మీద ఎలా వాయించాలో నేర్చుకున్నారు. వాళ్లు పడిన అప్పు, వాళ్లకొచ్చిన డబ్బు, డ్రమ్మర్ మళ్లీ నిలబడిన తీరు, చాలా ఏళ్ల తర్వాత రికార్డు కంపెనీతో వచ్చిన తగాదా, అన్నీ ఈ పద్ధతికే ముడిపడి ఉన్నాయి.

అసలు వీళ్లు గ్లామ్ మెటలేనా?

గ్లామ్ మెటల్ అనగానే గుర్తొచ్చేది లాస్ ఏంజిలెస్. అక్కడి సన్‌సెట్ స్ట్రిప్ వీధిలోని క్లబ్బుల్లో మోట్లీ క్రూ, రాట్, తర్వాత పాయిజన్ లాంటి బ్యాండ్లు పైకొచ్చాయి. గట్టి గిటార్లు, అందరూ కలిసి పాడుకోగల పల్లవి, ఆల్బమ్‌కి కనీసం ఒక నెమ్మదైన ప్రేమపాట, టీవీలో మెరిసే వేషం. స్థూలంగా ఇదీ ఆ సంగీతం.

డెఫ్ లెపర్డ్ పుట్టింది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో. ఉక్కు ఫ్యాక్టరీల ఊరు అది. 1977లో మొదలైన బ్యాండ్‌ను అప్పటి బ్రిటిష్ పత్రికలు ఐరన్ మెయిడెన్, శాక్సన్ లాంటి కొత్త తరం హెవీ మెటల్ బ్యాండ్ల జాబితాలో వేశాయి. గాయకుడు జో ఎలియట్‌కి ఆ జాబితా ఎప్పుడూ నచ్చలేదు. తర్వాత అమెరికాలో గ్లామ్ మెటల్ జాబితాలో వేస్తే అదీ నచ్చలేదు.

నా అంచనా ఇది. వేషంలో వీళ్లు లాస్ ఏంజిలెస్ వాళ్లతో పోలరు. చిరిగిన జీన్సు, బ్రిటన్ జెండా బొమ్మ ఉన్న చేతుల్లేని చొక్కా, అంతవరకే. కానీ వినికిడిలో ఆ శైలికి పునాది వేసినవాళ్లలో వీళ్లున్నారు. పైగా ‘గ్లామ్’ అన్న మాట మీద వీళ్ల హక్కు చాలామంది అమెరికన్ బ్యాండ్లకంటే పాతది. 1970ల మొదట్లో బ్రిటన్‌లో టి. రెక్స్, స్వీట్, మాట్ ద హూపుల్, డేవిడ్ బోవీ వాయించిన గ్లామ్ రాక్ వింటూ పెరిగిన పిల్లలు వీళ్లు. 2006లో ఆ పాటల్ని తిరిగి పాడి ‘యే!’ అనే ఆల్బమ్ తెచ్చారు. 2022 ఆల్బమ్ ‘డైమండ్ స్టార్ హేలోస్’ పేరు టి. రెక్స్ పాటలోని మాటల నుంచే తీసుకున్నారు. 1982లో చేరిన గిటారిస్టు ఫిల్ కోలెన్ అంతకుముందు వాయించింది గర్ల్ అనే లండన్ గ్లామ్ బ్యాండ్‌లో. గట్టి గిటార్ మీద తేలికైన పాప్ పల్లవి ఎక్కించాలన్న కోరిక వీళ్లకు అక్కడి నుంచే వచ్చింది. దానికి హాలీవుడ్ దాకా వెళ్లక్కర్లేకపోయింది.

సొంత ఊళ్లో పరాయివాళ్లు

మొదటి రికార్డు సొంతంగా వేసుకున్నారు. 1978 నవంబరులో హల్ పట్టణంలోని ఫెయిర్‌వ్యూ స్టూడియోలో మూడు పాటలు రికార్డు చేసి, మరుసటి సంవత్సరం మొదట్లో బ్లడ్జన్ రిఫోలా అనే సొంత లేబుల్ మీద విడుదల చేశారు. ఖర్చుకి జో ఎలియట్ తండ్రి అప్పిచ్చాడు. బీబీసీ రేడియోలో జాన్ పీల్ ఆ రికార్డు వేయడంతో పేరు బయటికొచ్చింది. అప్పటికే రిక్ అలెన్ డ్రమ్మర్‌గా చేరాడు. వయసు 15 ఏళ్లు. గిటార్ల మీద పీట్ విల్లిస్, స్టీవ్ క్లార్క్, బేస్ మీద రిక్ సావేజ్. 1979లో పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1980 మార్చిలో మొదటి ఆల్బమ్ ‘ఆన్ త్రూ ద నైట్’ వచ్చింది.

అందులో ‘హలో అమెరికా’ అనే పాట ఉంది. బ్రిటిష్ మెటల్ అభిమానులకు అది కోపం తెప్పించింది. మనల్ని వదిలేసి అమెరికా వెంట పడుతున్నారని నింద వేశారు. 1980 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని రీడింగ్ సంగీతోత్సవంలో స్టేజీ మీదకు వస్తువులు విసిరారు. ఇది చిన్న విషయంలా కనిపించినా ఫలితం చాలాకాలం ఉంది. 1983లో ‘పైరోమేనియా’ ఆల్బమ్‌తో వీళ్లు అమెరికాలో స్టార్లయిపోయారు, అదే ఆల్బమ్ బ్రిటన్‌లో 18వ స్థానం దాటలేదు. సొంత దేశంలో టాప్ 10లోకి వెళ్లిన మొదటి సింగిల్ 1987లో వచ్చిన ‘యానిమల్’.

మట్ లాంగ్ వచ్చాక

డెఫ్ లెపర్డ్ కథలో బ్యాండ్ ఫొటోల్లో కనిపించని ఆరో మనిషి ఒకడున్నాడు. రాబర్ట్ జాన్ లాంగ్, అందరూ పిలిచేది మట్ అని. ఇప్పుడు జాంబియాగా ఉన్న దేశంలో పుట్టి, దక్షిణాఫ్రికాలో పెరిగిన నిర్మాత. వీళ్ల దగ్గరికి వచ్చేసరికే ఏసీ/డీసీ బ్యాండ్‌కి ‘హైవే టు హెల్’, ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఆల్బమ్‌లు చేసి ఉన్నాడు.

లాంగ్ చేతిలో మొదట వచ్చింది 1981 నాటి ‘హై ఎన్ డ్రై’. ఇది ఇంకా మామూలు పద్ధతిలో రికార్డయిన ఆల్బమే. ఐదుగురు కలిసి వాయిస్తున్నట్టే వినిపిస్తుంది. అదే సంవత్సరం ఆగస్టు 1న అమెరికాలో పాటల వీడియోలు వేసే టీవీ ఛానల్ ఎంటీవీ మొదలైంది. రోజంతా వేయడానికి ఆ ఛానల్ దగ్గర సరిపడా వీడియోలు లేవు. అమెరికన్ బ్యాండ్లు అప్పటికి వీడియోలు తీయడం తక్కువ. అందుకే బ్రిటిష్ బ్యాండ్ల వీడియోలు మళ్లీ మళ్లీ వేశారు. ‘బ్రింగింగ్ ఆన్ ద హార్ట్‌బ్రేక్’ వీడియో అలా జనంలోకి వెళ్లి, చల్లారిపోతున్న ఆల్బమ్‌ను మళ్లీ లేపింది.

1983 జనవరిలో వచ్చిన ‘పైరోమేనియా’తో పద్ధతి మారింది. పని మధ్యలోనే తాగుడు కారణంగా పీట్ విల్లిస్‌ను తీసేశారు. ఆ స్థానంలోకి కోలెన్ వచ్చాడు. అతను రాకముందే విల్లిస్ వాయించిన రిథమ్ గిటార్లు టేపు మీద ఉన్నాయి. అవి అలాగే ఉంచి, పైన కోలెన్ సోలోలు ఎక్కించారు. డ్రమ్స్ చాలావరకు మెషీన్ల సాయంతో కూర్చారు. కోరస్ గొంతులు పొరలు పొరలుగా వేశారు. అంటే ఒక గిటారిస్టు వెళ్లిపోయి ఇంకొకడు వచ్చినా పాట దెబ్బతినని స్థితికి అప్పటికే చేరుకున్నారు.

‘ఫొటోగ్రాఫ్’ అమెరికాలో 12వ స్థానానికి, ‘రాక్ ఆఫ్ ఏజెస్’ 16వ స్థానానికి వెళ్లాయి. ఆల్బమ్ రెండో స్థానం దాకా వెళ్లి ఆగింది. పైన ఉన్నది మైఖేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’. దాన్ని దాటలేకపోవడంలో తప్పేమీ లేదు. కానీ లాంగ్ మనసులో ఆ ఆల్బమ్ ఒక కొలబద్దగా నిలబడిపోయింది. ‘థ్రిల్లర్’ నుంచి ఏడు సింగిల్స్ వచ్చాయి. రాక్ బ్యాండ్ కూడా అలాంటి ఆల్బమ్ చేయలేదా? ఏ పాట తీసినా సింగిల్‌గా నిలబడే ఆల్బమ్ చేయాలి. తర్వాతి మూడేళ్లకు పైగా సాగిన యాతన ఈ కోరిక నుంచే పుట్టింది.

‘హిస్టీరియా’ ఎందుకంత ఆలస్యమైంది?

1984లో పని మొదలైంది. వరుస ఆల్బమ్‌లతో అలిసిపోయానని లాంగ్ తప్పుకున్నాడు. గాయకుడు మీట్ లోఫ్ ‘బ్యాట్ ఔట్ ఆఫ్ హెల్’ ఆల్బమ్ పాటలు రాసిన జిమ్ స్టైన్‌మన్‌ను నిర్మాతగా తెచ్చుకున్నారు. నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్ పట్టణంలో విసెలోర్డ్ స్టూడియోలో రికార్డింగ్ పెట్టారు. కుదరలేదు. స్టైన్‌మన్‌కు బ్యాండ్ అప్పటికప్పుడు వాయించినప్పుడు వచ్చే సహజత్వం కావాలి. బ్యాండ్‌కి లాంగ్ నేర్పిన పక్కా కొలత కావాలి. అతన్ని పంపేశారు. ఇంజనీర్ నైజెల్ గ్రీన్‌తో కలిసి సొంతంగా ప్రయత్నించారు. అదీ తేలలేదు. అప్పటిదాకా రికార్డు చేసినదంతా దాదాపు పక్కన పడేశారు.

1984 డిసెంబరు 31న షెఫీల్డ్ దగ్గర ఏ57 రోడ్డు మీద రిక్ అలెన్ కారు అదుపు తప్పింది. ఎడమ చెయ్యి తెగిపోయింది. డాక్టర్లు తిరిగి అతికించారు, ఇన్‌ఫెక్షన్ సోకడంతో తీసేయాల్సి వచ్చింది. అప్పటికి అతని వయసు 21.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ ఘట్టాన్ని ఎక్కువమంది స్ఫూర్తి కథగా మాత్రమే చెప్పి వదిలేస్తారు. అలెన్ పట్టుదల నిజం. కోలుకుంటున్నప్పుడే, ఎడమ చేత్తో చేసే పనిని ఎడమ కాలితో చేయవచ్చని అతను గ్రహించాడు. సిమన్స్ కంపెనీ వాళ్లు అతని కోసం ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ తయారుచేశారు. కాలితో నొక్కే పెడళ్లు కొన్ని, ఒక్కో పెడల్‌కి ఒక్కో శబ్దం. స్నేర్ డ్రమ్ మోత ఎడమ కాలి నుంచి వస్తుంది. మామూలు డ్రమ్మర్ రెండు చేతులతో, రెండు కాళ్లతో చేసే పనిని ఒక చేతికీ రెండు కాళ్లకీ పంచుకుని, మొదటి నుంచి మళ్లీ నేర్చుకున్నాడు. 1986 ఆగస్టులో ఐర్లండ్‌లో చిన్న కచేరీలు పెట్టినప్పుడు సాయంగా స్టేటస్ క్వో బ్యాండ్ డ్రమ్మర్ జెఫ్ రిచ్‌ని పక్కన కూర్చోబెట్టారు. ఒక రోజు రిచ్ సమయానికి చేరలేకపోయాడు. అలెన్ ఒక్కడే లాగించేశాడు. ఇక రెండో డ్రమ్మర్ అవసరం లేదని తేలిపోయింది. అదే ఆగస్టు 16న డానింగ్టన్‌లో మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ వేదిక మీద జో ఎలియట్ అతని పేరు చెప్పగానే ఆ మైదానం మొత్తం అరిచింది.

అయితే అది సాధ్యపడటానికి బ్యాండ్ పాటలు తయారయ్యే పద్ధతి కూడా సాయపడింది. ‘పైరోమేనియా’ నాటికే వీళ్ల డ్రమ్స్ ఎలక్ట్రానిక్ దారిలో ఉన్నాయి. ‘హిస్టీరియా’లో డ్రమ్ శబ్దాలను ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ వాయిద్యంలో దాచి, వాటినే కూర్చి తాళం కట్టారు. అంటే ఆల్బమ్‌లో వినాల్సిన శబ్దమే పెడల్ నొక్కితే పలికే శబ్దం. అలెన్ కొత్త కిట్ బ్యాండ్ ధ్వనికి పరాయిది కాలేదు. అదే 1970ల నాటి బ్లూస్ రాక్ బ్యాండ్ అయి ఉంటే, డ్రమ్మర్ మణికట్టు మీదే మొత్తం నడిచే సంగీతం అయి ఉంటే, దారి ఇంకా కష్టమయ్యేది. ఇది అతని ధైర్యాన్ని తగ్గించే మాట కాదు. నలుగురు మిత్రులు ఇంకో డ్రమ్మర్ గురించి ఆలోచించకుండా అతని కోసం ఆగారు. సంగీతం కూడా అతనికి చోటిచ్చింది.

1985లో లాంగ్ తిరిగొచ్చాడు. పని మళ్లీ మొదటి నుంచి మొదలైంది. జో ఎలియట్‌కి గవదబిళ్లలు వచ్చాయి, తర్వాత లాంగ్‌కీ కారు ప్రమాదం జరిగింది. కానీ ఆలస్యానికి పెద్ద కారణం జబ్బులూ ప్రమాదాలూ కావు, పని తీరే.

ఒక్కో తీగ విడిగా

ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని బాగా చీల్చి గరగరలాడించడాన్ని డిస్టార్షన్ అంటారు. ఆ గరగర ఉన్నప్పుడు ఒకేసారి మూడు నాలుగు స్వరాలు (ఇలా కలిపి మోగించే స్వరాల గుంపును కార్డ్ అంటారు) మోగిస్తే, స్వరాల మధ్య కొత్త శబ్దాలు పుట్టుకొచ్చి అంతా బురదలా కలిసిపోతుంది. అందుకే హెవీ మెటల్ గిటారిస్టులు ఎక్కువగా రెండు స్వరాల పవర్ కార్డులే వాయిస్తారు. లాంగ్‌కి గరగరా కావాలి, నిండైన కార్డులో ప్రతి స్వరం విడివిడిగా వినిపించడమూ కావాలి. దానికి అతను ఎంచుకున్న దారి, కార్డులోని ఒక్కో స్వరాన్ని విడిగా రికార్డు చేసి, తర్వాత టేపు మీద కలపడం. ‘హిస్టీరియా’ ఆల్బమ్‌లో కొన్ని చోట్ల గిటారిస్టులు తీగ తీగకీ వేరుగా వాయించారు. ఒక్క క్షణం వినిపించే శబ్దం కోసం చేసిన కష్టం ఇది.

పెద్ద ఆంప్లిఫైయర్ల గోడలు కూడా వాడలేదు. బోస్టన్ బ్యాండ్ గిటారిస్టు టామ్ షోల్జ్ తయారుచేసిన రాక్‌మన్ అనే చిన్న పెట్టె ఎక్కువగా వాడారు. నడుముకి తగిలించుకుని హెడ్‌ఫోన్లతో వినేంత చిన్నది. ఒంటరిగా వింటే దాని శబ్దం పలచగా ఉంటుంది. పలచగా ఉండటమే ఇక్కడ పనికొచ్చింది. పలచటి పొరలైతే పది పెట్టినా ఒకదాన్నొకటి మింగేయవు. లావాటి గిటార్లు రెండు పెడితే మూడోదానికి చోటుండదు.

గొంతులదీ అదే లెక్క. కోరస్‌లో బ్యాండ్ సభ్యులూ లాంగూ కలిసి ఒకే వరుసను మళ్లీ మళ్లీ పాడి, పొర మీద పొర వేశారు. డెఫ్ లెపర్డ్ పల్లవి మైదానం నిండా జనం పాడుతున్నట్టు ఉంటుంది గానీ ఎవరి గొంతూ విడిగా పట్టుకోలేం. గిటార్లూ గొంతులూ ఎక్కించేంతవరకు మెషీన్ తాళాన్ని ఆధారంగా ఉంచుకుని, అసలు డ్రమ్ శబ్దాలను చివర్లో తేల్చారు. శ్రీకాళహస్తి కలంకారీలో ముందు నల్ల గీత, తర్వాత ఒక్కో రంగు, మధ్యలో ఉతకడం, ఆరబెట్టడం, మళ్లీ ఇంకో రంగు. చివరి రంగు పడేదాకా బొమ్మ పూర్తిగా కనిపించదు. ఈ ఆల్బమ్ పని కూడా అలాగే సాగింది. ‘యానిమల్’ ఒక్క పాట సరిగ్గా కుదరడానికే దాదాపు మొత్తం కాలం పట్టింది.

వింతేమిటంటే, అన్నిటికంటే పెద్ద గుర్తింపు తెచ్చిన పాట అన్నిటికంటే త్వరగా తయారైంది. ఆల్బమ్ దాదాపు పూర్తయ్యాక, విరామంలో జో ఎలియట్ అకౌస్టిక్ గిటార్ మీద ఏదో గీటుతూ కూనిరాగం తీస్తుంటే లాంగ్ చెవిన పడింది. ఇది వదలకూడదు అన్నాడు. అదే ‘పోర్ సమ్ షుగర్ ఆన్ మీ’. 1986లో రాక్ బ్యాండ్ ఏరోస్మిత్‌తో కలిసి ర్యాప్ బృందం రన్-డీఎంసీ చేసిన ‘వాక్ దిస్ వే’ అప్పటికి రాక్‌కీ ర్యాప్‌కీ మధ్య తలుపు తీసి ఉంది. ఆ ప్రభావంతో చరణాల్ని పాటలా కాకుండా తాళం మీద మాటల్లా విసిరారు. రోజుల్లోనే పూర్తయింది. నా ఉద్దేశంలో ఇది అదృష్టం కాదు. మూడేళ్లుగా పొరలు వేయడం చేతికి అలవాటైపోయాక వచ్చిన పాట కాబట్టే అంత వేగంగా వచ్చింది.

ఆల్బమ్ నిడివి 62 నిమిషాలు దాటింది. ఒకే ఎల్‌పీలో, అంటే ఒకే గ్రామఫోన్ రికార్డులో, ఇంత పాట పట్టించడం కష్టం. గాడులు దగ్గర దగ్గరగా చెక్కాలి, శబ్దం తగ్గుతుంది. సీడీలు, క్యాసెట్లు పెరుగుతున్న కాలం కాబట్టి గట్టెక్కారు.

యాభై లక్షలు అమ్మితే తప్ప

స్టూడియో ఖర్చు రికార్డు కంపెనీ పెట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కంపెనీ ఇచ్చేది అడ్వాన్స్. ఆ డబ్బంతా బ్యాండ్‌కి రావాల్సిన రాయల్టీలో నుంచి కంపెనీ మినహాయించుకుంటుంది. రికార్డు ధరలో బ్యాండ్ వాటా చిన్నది, ఆ చిన్న వాటాతోనే మొత్తం ఖర్చు తీరాలి. అందుకే లక్షల కాపీలు అమ్ముడైన బ్యాండ్ కూడా కంపెనీకి బాకీ ఉండటం మామూలే. మూడేళ్ల స్టూడియో అద్దెలు, వదిలేసిన రికార్డింగులు, పంపేసిన నిర్మాత, అన్నీ కలిపితే ‘హిస్టీరియా’ లెక్క సమానం కావడానికే 50 లక్షల కాపీలు అమ్మాలని బ్యాండ్ సభ్యులు చాలాసార్లు చెప్పారు. ఏ బ్యాండ్‌కైనా అది భయపెట్టే అంకె.

ఏడు సింగిల్స్ ఎందుకన్నదానికి జవాబు ఇక్కడుంది. అప్పట్లో సింగిల్ మీద పెద్దగా లాభం రాదు. ఆల్బమ్ అమ్మించే ప్రకటన లాంటిది అది. రేడియోలో, ఎంటీవీలో ఒక పాట పాతబడగానే ఇంకోటి వదలాలి, ఆల్బమ్ పేరు మరుగున పడకుండా చూసుకోవాలి.

అమెరికాలో మొదటి సింగిల్‌గా ‘విమెన్’ను ఎంచుకున్నారు. పాప్ స్టేషన్లకంటే ముందు హార్డ్ రాక్ రేడియో శ్రోతల్ని తిరిగి పట్టుకోవాలన్నది మేనేజర్ల ఆలోచన. పాట 80వ స్థానం దగ్గర ఆగిపోయింది. తర్వాత ‘యానిమల్’ 19, ‘హిస్టీరియా’ పాట 10. బాగానే ఉంది, కానీ 50 లక్షలకు ఇది చాలదు. 1988 వసంతంలో ‘పోర్ సమ్ షుగర్ ఆన్ మీ’ వదిలారు. ఈ పాటకు మొదట తీసిన వీడియోలో ఐర్లండ్‌లో ఒక పాత ఇంటిని ఇనుప గుండుతో కూలుస్తుంటే లోపల బ్యాండ్ వాయిస్తుంటుంది. అమెరికా కోసం దాన్ని పక్కనపెట్టి, కచేరీలో తీసిన దృశ్యాలతో కొత్త వీడియో చేశారు. ఆ కచేరీల్లో స్టేజీ హాలు మధ్యలో ఉంటుంది, నాలుగు వైపులా జనం. ఎంటీవీలో ఆ వీడియో చూసినవాళ్లకి టికెట్ కొనాలనిపించింది, కచేరీ చూసినవాళ్లకి రికార్డు కొనాలనిపించింది. పాట రెండో స్థానానికి, ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్లాయి.

ఆ తర్వాత వచ్చిన ‘లవ్ బైట్స్’ 1988 అక్టోబరులో మొదటి స్థానం పట్టింది. అమెరికాలో వీళ్లకి దక్కిన ఒకే ఒక్క నంబర్ వన్ సింగిల్ అదే. మొదట లాంగ్ దాన్ని కంట్రీ, అంటే అమెరికా పల్లెల జానపద శైలి, పాట ధోరణిలో తెచ్చాడట. పొరలు ఎక్కాక ఆ ఛాయ పోయింది, గొంతుల్లో మాత్రం కొంచెం మిగిలింది. 1990లలో ఇదే లాంగ్ గాయని షనయా ట్వెయిన్‌తో కంట్రీ పాటలకు ఇదే పద్ధతి పట్టించి ‘కమ్ ఆన్ ఓవర్’ లాంటి భారీ విజయం సాధించాడు. అందుకే డెఫ్ లెపర్డ్ వారసత్వం వెతికేవాళ్లు జుట్టు పెంచిన బ్యాండ్ల దగ్గరే ఆగిపోకూడదని నేనంటాను. 2008లో కంట్రీ సంగీతపు సీఎంటీ టీవీ ఛానల్ కార్యక్రమంలో టేలర్ స్విఫ్ట్ వీళ్లతో కలిసి ఒకరి పాటలు ఒకరు పాడినప్పుడు ఎవరికీ అతుకుల బొంతలా అనిపించలేదు.

‘ఆర్మగెడ్డన్ ఇట్’ 3వ స్థానం, ‘రాకెట్’ 12వ స్థానం. 1989 మొదటి నెలల దాకా ఈ ఒక్క ఆల్బమే నడిచింది.

గ్రంజ్ వచ్చి చంపేసిందా?

గ్లామ్ మెటల్ ముగింపు గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది. 1991 సెప్టెంబరులో గ్రంజ్ అనే ముతక, ఆడంబరం లేని రాక్ శైలి బ్యాండ్ నిర్వానా ‘నెవర్‌మైండ్’ ఆల్బమ్ రాగానే ఈ బ్యాండ్లన్నీ రాత్రికి రాత్రే మాయమయ్యాయని. డెఫ్ లెపర్డ్ విషయంలో ఇది సరిపోదు. ‘నెవర్‌మైండ్’ 1992 జనవరిలో అమెరికా చార్టు శిఖరానికి చేరింది. అదే వసంతంలో డెఫ్ లెపర్డ్ ‘అడ్రినలైజ్’ అమెరికాలో, బ్రిటన్‌లో రెండుచోట్లా మొదటి స్థానంలో నిలిచింది. అంటే గ్రంజ్ వచ్చాక కూడా వీళ్లు గెలిచారు.

అసలు దెబ్బ అంతకుముందే, లోపలే తగిలింది. 1991 జనవరి 8న స్టీవ్ క్లార్క్ లండన్‌లోని ఇంట్లో చనిపోయాడు. వయసు 30. మద్యం, నొప్పి తగ్గించే మందులు కలిసి ప్రాణం తీశాయి. బ్యాండ్ రిఫ్‌లలో (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుసలు) చాలా మంచివి అతనివే. కోలెన్ కొలత పాటించే వాయిద్యగాడైతే, క్లార్క్ చేతిలో ఒక వదులుతనం, ఊహించని మలుపు ఉండేవి. ఆ ఇద్దరి తేడాయే పొరలకు ప్రాణం. ‘అడ్రినలైజ్’లో రెండు గిటార్ల పనీ కోలెన్ ఒక్కడే చేశాడు. పద్ధతి అదే, మెరుపు అదే, హిట్లూ వచ్చాయి. కానీ విన్న ప్రతిసారీ ఒకే మనిషి తనతో తానే మాట్లాడుకుంటున్నట్టు నాకు అనిపిస్తుంది. క్లార్క్ గురించి రాసిన ‘వైట్ లైట్నింగ్’ ఒక్కటి మాత్రం వేరు. ఆ ఆల్బమ్‌లో నేను మళ్లీ మళ్లీ వినేది దాన్నే.

1992లో బెల్‌ఫాస్ట్‌కి చెందిన వివియన్ క్యాంప్‌బెల్ చేరాడు. 1996 నాటి ‘స్లాంగ్’తో పాత పద్ధతినే వదిలేయాలని చూశారు. పొరలు తగ్గించారు, అలెన్ అకౌస్టిక్ డ్రమ్స్‌కి తిరిగొచ్చాడు, ఒక పాటలో సారంగి కూడా వినిపిస్తుంది. నిజాయితీగల ఆల్బమ్. అమ్ముడుపోలేదు. మూడేళ్ల తర్వాత ‘యూఫోరియా’తో మళ్లీ పాత ధ్వనికే వచ్చారు. అభిమానులు ఈ బ్యాండ్ నుంచి కోరుకునేది ఆ కట్టడాన్నే అని అప్పుడు తేలిపోయింది.

సొంత పాటకు సొంత నకలు

పాటల డౌన్‌లోడ్‌లు వచ్చాక ఐట్యూన్స్‌లో వెతికితే డెఫ్ లెపర్డ్ అసలు హిట్లు చాలాకాలం దొరికేవి కావు. కారణం, కంపెనీతో చెల్లింపుల దగ్గర తగాదా. పాత ఒప్పందాలు రాసుకున్న రోజుల్లో డౌన్‌లోడ్ అనేదే లేదు. కంపెనీ ఇస్తామన్న వాటా బ్యాండ్‌కి నచ్చలేదు. తమ అనుమతి లేకుండా ఆ పాటల్ని కొత్త రూపాల్లో అమ్మడానికి ఒప్పందం ఒప్పుకోదు కాబట్టి, మేం ఒప్పుకోం అన్నారు.

రికార్డయిన ప్రతి పాట మీదా రెండు వేరువేరు హక్కులుంటాయి. పాట రచన, బాణీ మీద ఒక హక్కు. ఫలానా రోజు స్టూడియోలో తయారైన ఆ రికార్డింగ్ మీద ఇంకో హక్కు. రెండోది సాధారణంగా కంపెనీ చేతిలో ఉంటుంది. పాట రాసినవాళ్లు దాన్ని కొత్తగా రికార్డు చేసుకుంటే, ఆ కొత్త రికార్డింగ్ వాళ్లదే. 2012లో డెఫ్ లెపర్డ్ ‘పోర్ సమ్ షుగర్ ఆన్ మీ’, ‘రాక్ ఆఫ్ ఏజెస్’ పాటల్ని అచ్చం పాతవాటిలాగే మళ్లీ తయారుచేసి డౌన్‌లోడ్‌కి పెట్టింది. మరుసటి సంవత్సరం ‘హిస్టీరియా’ పాట. జో ఎలియట్ వీటిని నకిలీలనే పిలిచాడు. టేలర్ స్విఫ్ట్ తన పాత ఆల్బమ్‌లను మళ్లీ రికార్డు చేయడం అందరికీ తెలిసింది. అంతకు దాదాపు దశాబ్దం ముందే వీళ్లు ఆ దారిలో నడిచారు.

వయసు మళ్లిన గాయకుడు పాతికేళ్ల వయసు గొంతును తిరిగి తేవడం తేలిక పని కాదు, చాలా కష్టపడ్డామని వాళ్లే చెప్పారు. కానీ ఆ పని సాధ్యమైందంటే, ప్రతి పొరా ఎలా వేశారో చేతులకు గుర్తుండటం వల్లనే. ఒక రాత్రి ఆవేశంలో పుట్టిన పాటనైతే మళ్లీ అలాగే పుట్టించలేం. కొలతలు తెలిసిన కట్టడాన్ని తిరిగి కట్టొచ్చు.

చివరికి ఒప్పందం కుదిరి, 2018 జనవరి 19న పాత ఆల్బమ్‌లన్నీ స్ట్రీమింగ్‌లోకి వచ్చాయి. 2019లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినప్పుడు క్వీన్ గిటారిస్టు బ్రయన్ మే వాళ్లను ఆహ్వానించాడు. గొంతులు పేర్చడంలో క్వీన్ వీళ్లకు గురువు లాంటిది కాబట్టి అది సరైన ఎంపిక. 2022లో మోట్లీ క్రూ, పాయిజన్, జోన్ జెట్‌లతో కలిసి అమెరికా స్టేడియాల్లో వాయించారు. పెడళ్ల ముందు రిక్ అలెన్ ఉన్నాడు.

కొత్తగా వినేవాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఈ వరుసలో వినండి. ముందు 1981 నాటి ‘బ్రింగింగ్ ఆన్ ద హార్ట్‌బ్రేక్’, గదిలో ఐదుగురు వాయిస్తున్నట్టు ఉంటుంది. తర్వాత ‘ఫొటోగ్రాఫ్’, పల్లవి దగ్గర గొంతులు ఎలా వెడల్పవుతాయో గమనించండి. ఆ తర్వాత ‘హిస్టీరియా’ పాటలో కుడి చెవిలో ఏ గిటార్, ఎడమ చెవిలో ఏ గిటార్ అని లెక్కపెట్టడానికి ప్రయత్నించండి. చివరగా ‘లవ్ బైట్స్’ పల్లవిలో జో ఎలియట్ గొంతును ఒక్కదాన్నే విడదీసి వినడానికి చూడండి. పక్కనున్న గొంతుల్లో ఒకటి మట్ లాంగ్‌ది.